మోతాదు

వేలంపాటలో నూట ఎనభై డాలర్లకి పాడాను.
మూతి నుంచి మందు కూరే పొడుగు తుపాకీ,
చెకుముకి రాయి, పులిచారల మేపుల్ చెక్క,
గొట్టం మీద చిన్న అక్షరాల్లో ఏ. క్లైన్‌ఫెల్టర్.
స్కూలు బస్సు తోలేవాడికి
క్రిస్మస్ సెలవుల్లో ఇంకేం పని?

కొట్టులో దొరికే గుండ్లు రెండే సైజులు.
చిన్నది లోపల వేస్తే
ఖాళీ డబ్బాలో శనగగింజలా గలగలమంది.
పెద్దది మూతి దగ్గరే మొరాయించింది,
సుత్తి చూపించినా కదల్లేదు.
చిన్నదానికే మందపాటి గుడ్డ చుట్టి పేల్చాను.
యాభై గజాల అవతల అట్ట మీద అయిదు దెబ్బలు,
మాటల్లేని తోడికోడళ్లలా ఒకటొక మూల.
ఆరోది అట్టకే తగల్లేదు.

మందు పెంచాను. భుజం కమిలింది.
తగ్గించాను. గుండు మొక్కుబడిగా వెళ్లి
మంచులో కూచుంది.
ఎగిరిపడ్డ గుడ్డపీలికలు ఏరి చూస్తే
నడుమ మాడి బొక్కపడ్డ అప్పడాలు.
ఏ మందైనా అంతే,
మోతాదు తెలియనంతసేపూ విషమో, వృథానో.

గ్యారేజీ డ్వైట్ కొలముల్లు తెచ్చి మూతిలో పెట్టాడు.
అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే
అయిదువందల పదిహేడు.
"ఈ కొలత లోకంలో లేదు" అన్నాడు.
లేదంటే
ఉన్నవాడు పోయాడని అర్థం.

నా బస్సు దారిలో, టస్కరోరా కొండ దిగే చోట,
అతని భార్య లవీనా ఉంది. ఎనభై నాలుగేళ్లు.
తలుపు తీసి తుపాకీని చూడలేదు,
నా బూట్ల మీది మంచుని చూసింది.
"ఏమస్ రెండు గొట్టాలు ఒకే కొలతకి తొలిచింది లేదు.
తొలిచే ఉలి ఒక్కటే, పదును పెట్టినప్పుడల్లా అరిగేది.
ఏ తుపాకీ అచ్చు ఆ తుపాకీకే."
చేతులు తుడుచుకుని వంటింటి సొరుగు లాగింది.
పట్టకారులాంటిది, ఇనుపది.
"ఇది మాత్రం కొన్నవాడు మరిచిపోయి వెళ్లాడు.
ముప్పై ఏళ్లుగా వాల్‌నట్లు కొడుతున్నా."

గుండు పోసే గుంటలో ఇంకా కాయ తొక్కు.
పిడి మీద పదకొండు అంకె.
అక్కడే, ఆమె బల్ల మీదే, చెక్క విప్పాను.
గొట్టం అడుగున
పదకొండు.

పాత ఇంటి నీటిగొట్టం సీసం,
గోరు నొక్కితే గీత పడేంత మెత్తన.
కరిగించి పోస్తే మొదటి నాలుగు గుండ్లూ
ముసలి మొహాల్లా ముడతలు,
అచ్చుకి కాయల నూనె వదల్లేదు మరి.
షెడ్డంతా వేయించిన వాల్‌నట్ల వాసన.
అయిదోది అద్దంలా దిగింది.

పరుపు గలేబు గుడ్డ, ఉమ్మితో తడిపి,
బొటనవేలితో నొక్కితే మూతి ఒప్పుకుంది.
కడ్డీతో నెడితే
మొండికేయలేదు, జారిపోలేదు,
కుక్కిన పేనులా అడుగున కూచుంది.
అరవై గ్రెయిన్ల మందు. అరవై అయిదు.
డెబ్బై దగ్గర మోత మారింది.
అంతదాకా బస్తా కిందపడ్డ చప్పుడు,
ఇప్పుడు కొరడా.
గుడ్డపీలిక ఉతికి ఆరేయొచ్చు, అంత చక్కగా వచ్చింది.
మూడు బొక్కల మీద
కాఫీ ఫ్లాస్కు మూత పెడితే మూసుకున్నాయి.

జనవరిలో ఒక ఆడ జింక.
రాయి నిప్పు రాలడానికీ గుండు కదలడానికీ మధ్య
చిన్న సందు ఉంటుంది,
అందులో అది తలెత్తి నా వైపు చూసింది.
అంతకు మించి చెప్పను.

వెనక తొడ లవీనాకి పట్టుకెళ్లాను.
సీసం తగిలిన అచ్చు ఇక తిండికి పనికిరాదని చెప్పి
కొట్టులో కొన్న కొత్త కాయకత్తెర చేతిలో పెట్టాను.
మెరుస్తోంది. ధర చీటీ పీకడం మరిచాను.
ఆమె కాయ పెట్టి నొక్కింది.
కాయ జారి
పొయ్యి కిందికి దొర్లిపోయింది.
"కొలత కుదర్లేదు" అంది,
ఇంకో కాయ తీసుకుంటూ.